రాయి ఎందుకు తేలికైంది?

‘బట్టీ’ అన్న మాట వినగానే ఎవరికైనా చదువు గుర్తొస్తుంది. మా పిడుగురాళ్లవాళ్లకు మాత్రం ముందు సున్నం గుర్తొస్తుంది. గుంటూరు నుంచి సత్తెనపల్లి మీదుగా హైదరాబాద్ వెళ్లే దారిలో, రోడ్డు పక్క చెట్ల ఆకులు కూడా తెల్లగా కనిపిస్తే మా ఊరు వచ్చినట్టే. పైనుంచి సున్నపురాయి, బొగ్గు వేస్తారు. కింద నుంచి సున్నం తీస్తారు. రాత్రీ పగలూ ఆరని బట్టీలు. వాటి చుట్టూ లారీలు, కాటాలు, కూలీలు, వ్యాపారులు. 2022లో జిల్లాలు మారి మేము గుంటూరు నుంచి పల్నాడు జిల్లాలోకి వచ్చాం గానీ, మా ఊరి దుమ్ము రంగు మాత్రం మారలేదు.

మా ఊళ్లో రెండో రకం బట్టీలు కూడా ఉన్నాయి. అవి సాయంత్రం పూట ప్రతి వీధిలోనూ వినిపిస్తాయి. గోడకు ఆనుకుని, కళ్లు మూసుకుని, ముందుకూ వెనక్కూ ఊగుతూ పిల్లలు పట్టే బట్టీలు. మొదటి రకం బట్టీలో రాయి వేస్తే సున్నం వస్తుంది. అంటే లోపల ఏదో మార్పు జరుగుతుంది. రెండో రకంలో ఏది వేస్తే అదే బయటికొస్తుంది. మూడు గంటల పరీక్ష అయ్యాక అది కూడా రాదు.

నేను పంతుల్ని కాను. ముప్పై ఏళ్లు సున్నం వ్యాపారుల దగ్గర లెక్కలు రాశాను. ఎన్ని లారీల రాయి దిగింది, ఎంత బొగ్గు కాలింది, ఎన్ని బస్తాల సున్నం తేలింది... ఇదే నా చదువు. పని మానేశాక సాయంత్రాలు మా వరండాలో వీధి పిల్లలు నలుగురైదుగురు చేరడం మొదలుపెట్టారు. ఫీజూ లేదు, బోర్డూ లేదు. కరెంటు దీపం, చాప, తాగడానికి నీళ్లు, అంతే.

ఆ లెక్క మాకు ఇయ్యరు!

మూడేళ్ల క్రితం మే నెలలో మా వీధి చివర ఉండే ఒకాయన కూతుర్ని వెంటబెట్టుకొచ్చాడు. ఆయనది బట్టీలో రాయి ఎత్తే పని. భార్య పత్తి తీతలకూ మిరపకోతలకూ వెళ్తుంది. ఆ అమ్మాయి పదో తరగతి సైన్సులో తప్పింది. జూన్‌లో మళ్లీ పరీక్ష.

‘‘బాబాయ్, ఈ ఒక్కసారి చూద్దాం. ఈసారీ పోతే వాళ్లమ్మతో కూలికి పంపుతా. సంబంధాలు కూడా అడుగుతున్నారు’’ అన్నాడు. కోపంగా అనలేదు. మామూలుగా, రేపటి కూలి గురించి చెప్పినట్టు చెప్పాడు. ఆ పిల్ల తల వంచుకుని చాప అంచు లాగుతూ కూర్చుంది.

ఏం వచ్చో చెప్పమన్నాను. గడగడా అప్పజెప్పింది. ‘‘కాల్షియం కార్బొనేట్‌ను వేడిచేసిన కాల్షియం ఆక్సైడ్, కార్బన్ డై ఆక్సైడ్ ఏర్పడును. ఇది రసాయన వియోగము. ఇది ఉష్ణగ్రాహక చర్య.’’ ఒక్క అక్షరం పోలేదు.

‘‘బాగుంది తల్లీ. పది టన్నుల సున్నపురాయి వేస్తే ఎంత సున్నం వస్తుంది?’’ అన్నాను.

‘‘ఆ లెక్క మాకు ఇయ్యరు తాతయ్యా’’ అంది.

వాళ్ల నాన్న గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. ఆయన నవ్వి, ‘‘అదేందమ్మా, సగానికి కాస్త పైన వస్తది. కాలినాక రాయి తేలికవుద్దిగా. ఎత్తేవాడికి తెలవదా!’’ అన్నాడు.

ఆ అమ్మాయి తండ్రి వంక చూసిన చూపు నాకింకా గుర్తే. పుస్తకంలోని కాల్షియం కార్బొనేట్, తండ్రి భుజం మీద మోసే రాయి ఒకటేనని ఆమెకు తెలుసు. అడిగితే ఒక మార్కు జవాబుగా చెప్పేస్తుంది. కానీ ఆ రెండూ ఆమె బుర్రలో ఎప్పుడూ ఎదురుపడలేదు. తండ్రి దగ్గర ‘ఎంత’ ఉంది, కూతురి దగ్గర సమీకరణం ఉంది. ఎవరి దగ్గరా లేనిది ‘ఎందుకు’.

‘‘రాయి ఎందుకు తేలికైంది? నాకు చెప్పకు. నీకు నువ్వు చెప్పుకో. నేను వింటాను’’ అన్నాను.

ఆమె మొదట చెప్పుకున్నది తప్పు. ‘‘బొగ్గు కాలి బూడిదైనట్టే రాయి కూడా కొంత కాలిపోయింది’’ అనుకుంది. నేను దిద్దలేదు. సమీకరణం వంక చూసి కాసేపటికి తనే, ‘‘మరి బూడిదైతే ఇందులో బూడిద ఏది? కాలాలంటే ఆక్సిజన్ కావాలిగా, ఇటువైపు ఆక్సిజన్ రాయలేదే!’’ అంది. ఇంకాసేపటికి, ‘‘కాలలేదు తాతయ్యా, విడిపోయింది. ఒక ముక్క గాలైపోయింది. అందుకే తేలిక’’ అంది.

తర్వాత లెక్క దానంతటదే వచ్చింది. కాల్షియం 40, కార్బన్ 12, మూడు ఆక్సిజన్లు 48. మొత్తం 100. అందులో కార్బన్ డై ఆక్సైడ్‌గా పోయేది 44. మిగిలే సున్నం 56. పది టన్నుల మేలైన రాయి వేస్తే అయిదు టన్నుల ఆరువందల కిలోలు. ‘‘మీ నాన్న సగానికి కాస్త పైన అన్నాడు కదా’’ అన్నాను. గుమ్మం దగ్గర ఆయన ఛాతీ కొంచెం పొంగింది.

చదివినట్టు అనిపించడం వేరు

ఇందులో నా గొప్పేమీ లేదు. మనుషులు ఇలాగే నేర్చుకుంటారని పరిశోధకులు ఎప్పుడో గమనించారు. 1989లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో మిషెలిన్ చీ, ఆమె సహచరులు కొద్దిమంది విద్యార్థుల ముందు భౌతికశాస్త్రం లెక్కలు పెట్టారు. సాధించి చూపిన ఉదాహరణలు చదువుతూ మనసులో ఏమనుకుంటున్నారో పైకి చెప్పమన్నారు. తర్వాత వేరే లెక్కలు చేయించారు. వాటిని బాగా చేసినవాళ్లు ఉదాహరణలో ప్రతి మెట్టు దగ్గరా ఆగారు. ఈ బలం ఇటే ఎందుకు లాగుతోంది, ఈ మెట్టు ఎక్కణ్నుంచి వచ్చింది అని తమలో తాము వివరించుకున్నారు. చేయలేనివాళ్లు చదువుకుంటూ పోయారు.

అన్నిటికన్నా తమాషా సంగతి ఇంకోటి. ‘ఇక్కడ నాకు అర్థం కాలేదు’ అని ఎక్కువసార్లు అన్నది బాగా చేసినవాళ్లే! సరిగ్గా చేయలేనివాళ్లకు అంతా అర్థమవుతున్నట్టే అనిపించింది. మన ఇళ్లలో ‘‘అయిపోయిందా చదవడం?’’ అంటే ‘‘ఎప్పుడో అయిపోయింది’’ అనే పిల్లలు గుర్తొస్తున్నారా?

ఈ అలవాటు తెలివైనవాళ్లకు పుట్టుకతో వస్తుందా, ఎవరికైనా నేర్పవచ్చా? 1994లో చీ బృందం అదీ చూసింది. ఎనిమిదో తరగతి పిల్లలకు మనిషి ఒంట్లో రక్తప్రసరణ గురించిన పాఠం ఇచ్చారు. 14 మందిని ఒక్కో వాక్యం చదివి దాన్ని తమకు తాము వివరించుకోమన్నారు. మరో 10 మందిని అదే పాఠం రెండుసార్లు చదవమన్నారు. వివరించుకున్నవాళ్లే ఎక్కువ నేర్చుకున్నారు. జవాబు పాఠంలో నేరుగా లేకుండా ఆలోచించి చెప్పాల్సిన ప్రశ్నల దగ్గర ఆ తేడా ఇంకా బాగా కనిపించింది. వాళ్లకు ఎవరూ పాఠం చెప్పలేదు. ‘ఇప్పుడు చదివినదాన్ని నీకు నువ్వు చెప్పుకో’ అన్నారు, అంతే. దీనికి వాళ్లు పెట్టుకున్న పేరును మన మాటల్లో స్వీయ వివరణ అనుకోవచ్చు.

మనకు తెలుసనుకున్నది నిజంగా తెలుసో లేదో బయటపడే చోటు కూడా అదే. 2002లో రోజెన్‌బ్లిట్, కీల్ అనే ఇద్దరు పరిశోధకులు జిప్పు ఎలా పనిచేస్తుందో, టాయిలెట్ ఫ్లష్ ఎలా పనిచేస్తుందో మీకెంత తెలుసని మనుషుల్ని అడిగారు. జనం ధీమాగా మార్కులేసుకున్నారు. ‘అయితే వివరంగా చెప్పండి’ అన్నాక మళ్లీ మార్కులేసుకోమంటే ఆ మార్కులు తగ్గిపోయాయి. రోజూ వాడే వస్తువు గదా, తెలిసినట్టే ఉంటుంది. నోరు విప్పితేగానీ లోపలి బోలు తెలియదు.

మల్లినాథుడు చేసిందీ అదే

ఇదంతా అమెరికావాళ్లు చెప్తేగానీ మనకు తెలియదా అంటే, భేషుగ్గా తెలుసు. మన పాతకాలం చదువులో కంఠస్థం ఉంది, నిజమే. కానీ దాని పక్కనే ఇంకోటి కూడా ఉంది. ప్రతిపదార్థం, అన్వయం, తాత్పర్యం. పద్యంలో మాటలు ఛందస్సు కోసం అటూ ఇటూ అయి ఉంటాయి. ఎవరు, ఏం చేశారు, ఎందుకు చేశారు అని వాటిని మళ్లీ మామూలు వాక్యంగా పేర్చుకోవడమే అన్వయం. కాళిదాసు కావ్యాలకు సంజీవని వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి మనవాడే. మెదక్ ప్రాంతంలోని కొలిచెలమ వారి ఊరు. శతాబ్దాలుగా దేశమంతటా రఘువంశం, మేఘసందేశం చదివేవాళ్లు ఆ తెలుగాయన చెయ్యి పట్టుకునే చదివారు. ఒక్కో శ్లోకం దగ్గర ఆగి, ఈ మాట ఇక్కడ ఎందుకుందో చెప్తూ పోవడమే ఆయన చేసిన పని.

అంత మంచి పద్ధతిని మనం ఏం చేశాం? ప్రతిపదార్థం కూడా అచ్చువేసి గైడులో అమ్మాం. పిల్లవాడు పద్యాన్ని బట్టీ పడతాడు. దాని అర్థాన్నీ బట్టీ పడతాడు. చివరికి ‘నీ సొంత మాటల్లో రాయుము’ అన్న ప్రశ్నకు గైడువాడి సొంత మాటలు బట్టీ పట్టి రాస్తాడు! ఎవరో చేసిపెట్టిన వివరణ ఎంత బాగున్నా, అది ఇంకో పాఠమే అవుతుంది. అన్నం మనమే నమలాలి కదా.

ఆవు వ్యాసం కథ అందరికీ తెలిసిందే. ఆవు గురించి ఒక్కటే నేర్చుకుని వెళ్లినవాడికి పరీక్షలో కొబ్బరిచెట్టు వస్తే, ఆవును తెచ్చి కొబ్బరిచెట్టుకు కట్టేశాడు. నవ్వుకుంటాం గానీ, ఆ పిల్లవాడు చేతిలో ఉన్న ఒక్క సరుకుతోనే బతకాలని చూశాడు. వాడికి ఇంకో సరుకు మనం ఇవ్వలేదు.

పువ్వులో పురుగు, ఆకు మీద మందు

ఇది బడి పిల్లల సంగతే అనుకోకండి. మా చుట్టుపక్కలంతా పత్తి, మిర్చి. 2021 చివర్లో మిర్చి మీద నల్ల తామరపురుగు పడ్డప్పుడు చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అంతకుముందు మా రైతులకు తెలిసిన తామరపురుగు వేరు. అది ఆకుల రసం పీలుస్తుంది, ఆకు పైకి ముడుచుకుంటుంది. పైముడత కనిపిస్తే ఫలానా మందు, కిందిముడత అయితే నల్లి, దానికి ఇంకో మందు. ఇదీ రైతు నోటికి వచ్చిన పాఠం. కొత్తగా వచ్చిన పురుగు పువ్వుల్లో గుంపులుగా చేరింది. పూత రాలిపోయింది, కాయ నిలవలేదు. అయినా చాలామంది పాత పాఠమే అప్పజెప్పారు. మందు మార్చారు, మోతాదు పెంచారు, వారానికోసారి కొట్టేది మూడురోజులకోసారి కొట్టారు.

మా బావమరిదికి రెండెకరాల మిర్చి ఉంది. ఓ రోజు ఫోన్ చేసి, ‘‘బావా, ఒక్క మాట. పురుగు ఉండేది పువ్వు లోపల. రాలేది పువ్వు. నేను మందు కొట్టేది ఆకు మీద. మరి అది ఎట్టా చస్తది? ఈ మందుకు చచ్చేది దాన్ని తినే మంచి పురుగులే గదా?’’ అన్నాడు. నన్ను అడగలేదు. నాకు చెప్తూ తనకు తాను చెప్పుకున్నాడు. అప్పటికే శాస్త్రవేత్తలు విచ్చలవిడిగా మందులు కొట్టొద్దని, నీలిరంగు జిగురు అట్టలు పెట్టమని చెప్తున్నారు. అప్పటిదాకా ఆ మాట అతనికి పేపర్లో వార్త. ఆ రోజు నుంచి అది అతని సొంత ఆలోచన. ఆ ఏడు అతని పంట నిలబడిందని చెప్పను. నష్టపోయాడు. కానీ నష్టం మీద మందుల అప్పు కూడా నెత్తిన వేసుకోలేదు. మా వైపు రైతుకు అది చిన్న సంగతి కాదు.

వ్యవసాయ శాఖ వారు పొలంబడి పెట్టినప్పుడు చేయించేది కూడా ఇదే. రైతులు గట్టు మీద కూర్చుని ఉపన్యాసం వినరు. చేలోకి దిగి మొక్కను చూస్తారు. మిత్రపురుగులెన్ని, శత్రుపురుగులెన్ని లెక్కపెడతారు. చార్టు మీద బొమ్మ వేస్తారు. మందు కొట్టాలా వద్దా, ఎందుకు అన్నది నలుగురి ముందూ చెప్తారు. ‘ఎందుకు’ అన్నదాన్ని తన నోటితో చెప్పిన రైతు, పక్క చేను చూసి మందు డబ్బా ఎత్తే ముందు ఒక క్షణం ఆగుతాడు.

గోడ మీద మళ్లీ రాయి

ఆ అమ్మాయి విషయానికొస్తే, నెల రోజులూ మా వరండాలో ఒకటే పద్ధతి. ఒక వాక్యం చదవడం, ఆగడం, ‘ఎందుకంట?’ అని తననే తాను అడుగుకోవడం. వానొస్తే సున్నం లారీకి పరుగెత్తి పట్టా ఎందుకు కప్పుతారంట? పొడిసున్నం మీద నీళ్లు పడితే వేడి పుడుతుంది కాబట్టి. తొట్టిలో సున్నం కుతకుత ఎందుకు ఉడుకుతుందంట? బట్టీలో రాయి తీసుకున్న వేడి ఎక్కడికో పోలేదు కాబట్టి. మొదట్లో ఆలస్యమైంది. రోజుకు రెండు పేజీలు దాటేది కాదు. ‘‘ఇట్టయితే సిలబస్ ఎప్పటికవుద్ది?’’ అని వాళ్లమ్మ కంగారుపడింది. రెండో వారం నుంచి వేగం అదే వచ్చింది. ఒకచోట చెప్పుకున్న ‘ఎందుకు’ ఇంకో పాఠంలో పనికొస్తుంది. బట్టీ పట్టిన ముక్క ఏ ముక్కకు ఆ ముక్కే.

ఓ సాయంత్రం మా ప్రహరీకి వేసిన వెల్ల వంక చాలాసేపు చూసింది. ‘‘తాతయ్యా, గోడకు వేసిన సున్నం గాలిలో కార్బన్ డై ఆక్సైడ్ పీల్చుకుని గట్టిపడుతుందని ఉంది కదా. అది మళ్లీ కాల్షియం కార్బొనేటే కదా. అంటే బట్టీలో పైకి పోయిన 44 మళ్లీ గోడకొచ్చి చేరిందా? గోడ మీద ఉన్నది మళ్లీ మా నాన్న మోసే రాయేనా?’’ అంది. అవునమ్మా అన్నాను. ముప్పై ఏళ్లు సున్నం లెక్కలు రాసిన నాకు కూడా ఆ లెక్కను అలా ఎవరూ చెప్పలేదు.

జూన్ పరీక్షలో ఆమె పాసైంది. ఇంటర్‌లో చేరింది. పాసవడానికి బట్టీ కూడా సరిపోయేదేమో అని మీరనవచ్చు. అయి ఉండొచ్చు. కానీ ఇంటర్ పుస్తకం మందం చూసి ఆమె భయపడకపోవడానికి బట్టీ సరిపోయేది కాదు.

జ్ఞాపకం దండగ కాదు

బట్టీ పట్టడం మొత్తం పనికిరాదని నేననను. ఎక్కాలు నోటికి రావాలి. మూలకాల సంకేతాలు నోటికి రావాలి. 40, 12, 16 ఆమెకు నోటికి వచ్చాయి కాబట్టే 56 లెక్క నిమిషంలో తేలింది. కాల్షియం సంకేతం ఏమిటన్నదానికి ‘ఎందుకు’ అని గంటసేపు కూర్చోనక్కర్లేదు. జ్ఞాపకం రాయి లాంటిది. రాయి లేకుండా బట్టీ ఎందుకు? కానీ రాయి తెచ్చి రాశి పోసి, సున్నం వచ్చిందనుకుంటేనే ఇబ్బంది.

ఇంకో జాగ్రత్త కూడా ఉంది. మనకు మనం చెప్పుకునేది తప్పయ్యే అవకాశం ఉంది. అందుకని చెప్పుకున్నాక పుస్తకంతో సరిచూసుకోవాలి, టీచర్ని అడగాలి. అయితే ఆ తప్పు కూడా దండగ కాదు. ‘బూడిదైంది’ అని పైకి అనుకుంది కాబట్టే సమీకరణంలో బూడిద లేదని ఆమెకు కనిపించింది. తప్పు లోపలే ఉండిపోతే దాన్ని దిద్దేదెవరు?

ఇంట్లో చదువుకునే పిల్లలుంటే ఈ పని మీరూ చేయించవచ్చు. దానికి మీకు సైన్సు రానక్కర్లేదు. రాయెత్తే తండ్రికి ఏం సైన్సు వచ్చని? ‘ఎన్ని పేజీలు చదివావు?’ అనే బదులు ‘ఒక్క పేజీ నాకు అర్థమయ్యేలా చెప్పు’ అనండి. మధ్యలో మూడే ప్రశ్నలు అడగండి. అలా ఎందుకైంది? ఇందాక చెప్పినదానికీ దీనికీ సంబంధమేమిటి? అలా కాకపోతే ఏమయ్యేది? పిల్లవాడు తడబడితే విసుక్కోకండి, జవాబు మీరే అందించేయకండి. ఆ తడబాటులోనే అసలు పని జరుగుతోంది. కొన్నాళ్లకు మీరు పక్కన లేకపోయినా ఆ మూడు ప్రశ్నలూ వాడే వేసుకుంటాడు.

పుస్తకం ముందు కూర్చున్న పిల్ల చదవడం ఆపి, గోడ వంక చూస్తూ తనలో తాను ఏదో గొణుక్కుంటుంటే ‘పుస్తకం చూడు!’ అని కసరకండి. ఆ కాసేపు ఆమె చదువుతూనే ఉంది.